తడి తూకం: కొండ నడక సామానుకు ఇంట్లో వాన పరీక్ష

ఎందుకు ఈ లెక్క

ట్రెక్కింగ్ సామాను కొనేటప్పుడు అందరం లేబుల్ మీద గ్రాములు చూస్తాం. అవి వస్తువు పొడిగా ఉన్నప్పటి గ్రాములు. వాన పట్టుకుని గంటసేపు నడిచాక భుజాల మీద ఉండే బరువు వేరు. ఆ తేడా ఎంత, ఏ వస్తువు ఎంత నీళ్ళు తాగుతోంది, అందులో ఎంత తగ్గించవచ్చు అన్నది తేల్చడానికే ఈ డైరీ. నా అంకెలు మీ సామానుకు సరిపోవు. పద్ధతి సరిపోతుంది, అందుకే దాన్నే వివరంగా రాస్తున్నాను.

బరువు ఒక్కటే సమస్య అయితే ఇంత తంటా అక్కర్లేదు. అసలు భయం చలి. బట్టల్లో ఉన్న 300 గ్రాముల నీరు ఒంటి వేడితోనే ఆరాలంటే సుమారు 720 కిలోజౌళ్ళు ఖర్చవుతాయి. కదలకుండా కూర్చున్న మనిషి ఒళ్ళు పుట్టించే వేడి దాదాపు 100 వాట్లు. అంటే రెండు గంటల వేడి మొత్తం ఆ నీళ్ళు ఆరబెట్టడానికే పోతుంది. పైగా ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి 1,000 మీటర్లకు సగటున 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. దానికి గాలి కూడా తోడైతే, కింద హాయిగా అనిపించిన తడే పైన ప్రాణం మీదికి తెస్తుంది.

పనిముట్లు: ఒక గ్రాము తేడా చూపించే వంటింటి తూకం మెషీను, బ్యాగు లాంటి పెద్దవాటికి కొక్కెం తూకం, 50 సెం.మీ. × 50 సెం.మీ. అడుగున్న ప్లాస్టిక్ తొట్టి, సూది, నూలు దారం, నిటారు గోడలున్న గాజు గ్లాసు, స్కేలు, పాత వార్తాపత్రికలు, టిష్యూ పేపర్లు, బకెట్టు, మార్కర్ పెన్ను.

దశ 1: వాన తయారీ

మొదట బాత్రూమ్ షవర్ కింద పెట్టి చూశాను. పనికి రాలేదు. షవర్ నీళ్ళు బకెట్టులో పట్టి కొలిస్తే నిమిషానికి 6 లీటర్లు వచ్చాయి. ఒక చదరపు మీటరు మీద ఒక లీటరు పడితే అది 1 మి.మీ. వాన. షవర్ నీళ్ళు పడేది పావు చదరపు మీటరు మీద. లెక్క కడితే గంటకు 1,400 మి.మీ. పైనే తేలింది. అలాంటి వాన గంటసేపు భూమ్మీద ఎక్కడా పడదు. దాని కింద ఏ జాకెట్ అయినా ఫెయిలే.

నాకు కావలసింది గంటకు 50 మి.మీ. అది కూడా గట్టి వానే. తొట్టి అడుగు పావు చదరపు మీటరు కాబట్టి గంటకు 12.5 లీటర్లు కారాలి. అడుగున సూదితో బెజ్జాలు వేసి వేలాడదీస్తే కొన్ని బెజ్జాల్లో చుక్క అక్కడే వేలాడుతూ ఉండిపోయింది, కొన్ని ధారగా కారాయి. ప్రతి బెజ్జంలోనూ చిన్న దారం ముక్క దూర్చి లోపలి వైపు ముడి వేశాక దారిలో పడింది. నీరు దారం వెంట దిగి, చివర చుక్కగా రాలుతుంది.

ఇంకో తలనొప్పి: తొట్టిలో నీటి మట్టం తగ్గితే వాన కూడా తగ్గిపోతుంది. మట్టం దగ్గర మార్కర్‌తో గీత గీసి, పది నిమిషాలకోసారి మగ్గుతో గీత వరకు నింపుతూ పోయాను. తొట్టిని తాళ్ళతో వేలాడదీశాను కాబట్టి అప్పుడప్పుడూ కాస్త ఊపితే చుక్కలు ఒకే చోట పడకుండా ఉంటాయి.

ప్రతి వస్తువుకూ ఇదే వరుస:

1. పూర్తిగా ఆరాక తూకం వేయాలి. స్పాంజి ఉన్నవాటిని రెండు రోజులు ఆరనివ్వాలి, పైకి పొడిగా కనిపించినా లోపల చెమ్మ దాగి ఉంటుంది.
2. తొట్టి కింద గంటసేపు ఉంచాలి. పక్కనే గాజు గ్లాసు పెట్టాలి.
3. గ్లాసులో 45 నుంచి 55 మి.మీ. మధ్య నీళ్ళు నిలిస్తేనే ఆ పరీక్ష లెక్కలోకి వస్తుంది.
4. తీసి మూడుసార్లు గట్టిగా విదిలించి, ఐదు నిమిషాలు వేలాడదీయాలి.
5. మళ్ళీ తూకం. తేడాయే ఆ వస్తువు తాగిన నీరు.

ఒక పరిమితి చెప్పాలి. రెండు మీటర్ల ఎత్తు నుంచి రాలిన చుక్క సెకనుకు 6 మీటర్ల వేగం అందుకుంటుంది. నిజం వానలో పెద్ద చినుకు వేగం 9 మీటర్ల దాకా ఉంటుంది, పక్క నుంచి గాలి కూడా కొడుతుంది. కాబట్టి ఇక్కడ ఫెయిల్ అయిన వస్తువు కొండ మీద తప్పకుండా ఫెయిల్ అవుతుంది. ఇక్కడ పాసైనంత మాత్రాన కొండ మీద పాసవుతుందని అనుకోకూడదు.

మొదటి విడత ఫలితాలు, తాగిన నీరు గ్రాముల్లో:

బ్యాగు (55 లీటర్లది, పొడి బరువు 1,640): 510
రెయిన్ జాకెట్ (420): 190
రెయిన్ ప్యాంటు (310): 80
టెంట్ పైపొర (900): 340
బూట్లు జత (1,180): 340
కాటన్ టీషర్టు (180, ముంచి పిండాక): 190

మొత్తం: 1,650 గ్రాములు.

లీటరున్నర పైన నీళ్ళు, తాగడానికి పనికిరానివి. దీన్ని సగానికి దించడమే పని.

దశ 2: బ్యాగు, 510 నుంచి

రెయిన్ కవర్ వేస్తే చాలు కదా అనుకుంటాం. వేసి చూస్తే బ్యాగు తాగింది 310కి తగ్గింది. కానీ కవర్ అడుగున, అది సంచిలా వేలాడినచోట, 170 గ్రాముల నీళ్ళు నిలిచాయి. అవి కూడా మన వీపు మీదే కదా. కలిపితే 480. అంటే కవర్ వల్ల కలిసొచ్చింది 30 గ్రాములు, అంతే. వీపు పలక మీద పడిన నీరు కిందికి దిగి, కవర్‌లోకే చేరుతోంది.

మార్పు: కవర్‌లో అన్నిటికన్నా కింద ఉండే చోట చిన్న లోహపు రింగు కొట్టి కన్నం పెట్టాను. రింగు లేకుండా ఉత్త కన్నం పెడితే గుడ్డ చిరుగుతూ పోతుంది. మళ్ళీ గంట వాన: బ్యాగులో 300, కవర్‌లో సున్నా.

ఆ మిగిలిన 300 ఎక్కడుందని వెతికితే, దాదాపు అంతా భుజం పట్టీల స్పాంజిలో, వీపు మెష్‌లో (వలలాంటి గుడ్డలో) ఉంది. దాని మీద నీరు అంటని స్ప్రే కొడితే 280 అయింది, ఒకసారి ఉతికేసరికి మళ్ళీ 300కే వచ్చింది. వదిలేశాను. పట్టీల్లో నీరు ఉండక తప్పదు, అది లోపలికి రాకుండా ఆపడమే దారి.

లోపలి సంగతి చూడ్డానికి బ్యాగు నిండా ఉండలు చుట్టిన వార్తాపత్రికలు కుక్కి వాన కింద పెట్టాను. కవర్ ఉన్నా వీపు వైపు కుట్ల దగ్గర కాగితాలు తడిశాయి. గుడ్డకు పూత ఉన్నా సూది వేసిన బెజ్జాలకు పూత ఉండదు కాబట్టి నీరు కుట్ల వెంటే వస్తుంది. దీనికి మందు మందపాటి పాలిథీన్ సంచి. బ్యాగు లోపల దాన్ని పరిచి, సామాను అంతా అందులో సర్దాలి.

మూతి కట్టడంలోనే కిటుకు ఉంది:

1. సామాను సర్దాక సంచిని నొక్కి గాలి తీయాలి.
2. మూతిని తాడులా బాగా మెలిపెట్టాలి.
3. మెలికను కిందికి మడిచి, మడత మీద రబ్బరు బ్యాండు వేయాలి.

ఉత్త ముడి వేస్తే నీళ్ళు లోపలికి వచ్చాయి. మెలిపెట్టి మడిస్తే రాలేదు. సంచి బరువు 85 గ్రాములు. పొడి బరువు అంత పెరిగినా ఇది లేకుండా నడకకు వెళ్ళను. కవర్ గాలికి ఎగిరిపోతుంది, కొమ్మకు తగిలి ఊడిపోతుంది. లోపలి సంచికి ఆ బాధ లేదు. రెండింటిలో ఒకటే ఎంచుకోమంటే లోపలి సంచికే నా ఓటు.

ఇప్పటిదాకా: 1,650 నుంచి 1,440.

దశ 3: జాకెట్, ఎక్కువ రోజులు పట్టినది

"జాకెట్ లీకవుతోంది" అన్న ఫిర్యాదు నడిచేవాళ్ళందరి నోటా వినిపిస్తుంది. ముందు అది లీకో చెమటో తేల్చుకోవాలి. ఒంటి మీద వేసుకుంటే తేలదు. జాకెట్‌ను హ్యాంగర్‌కు తగిలించి, లోపల భుజాల దగ్గర, చేతుల్లో, జిప్పు వెనక టిష్యూ పేపర్లు అంటించి, గంటసేపు తొట్టి కింద ఉంచాను. పైగుడ్డ నల్లబడి, పూర్తిగా నానిపోయింది. లోపల టిష్యూలు మాత్రం పొడిగా ఉన్నాయి, జిప్పు అడుగున ఉన్న ఒక్కటి తప్ప.

అంటే నీటిని ఆపే లోపలి పొర ఇంకా గట్టిగానే ఉంది. పోయింది పైగుడ్డ మీద చినుకును పూసలా జార్చే పూత. అది పోతే గుడ్డ నీళ్ళు తాగుతుంది, ఆ నీటి పొర మీదుగా చెమట ఆవిరి బయటికి పోలేదు, లోపలే నీరవుతుంది. లోపలి తడి వానది కాదు, మన చెమటే. కొత్త జాకెట్ కొనే ముందు ఈ టిష్యూ పరీక్ష చేసి తీరాలి.

పూత మళ్ళీ లేపడానికి చేసినవి, వరుసగా:

1. మామూలు డిటర్జెంట్‌తో ఉతికాను. తాగిన నీరు 190 నుంచి 230కి పెరిగింది. డిటర్జెంట్ అవశేషం గుడ్డలో మిగిలి నీటిని లాక్కుంటుంది.
2. ఉత్త నీళ్ళలో నురుగు పూర్తిగా పోయేదాకా జాడించి, జలనిరోధక బట్టల కోసమే అమ్మే క్లీనర్‌తో ఉతికి, నీడలో ఆరేశాను: 120.
3. లేబుల్ మీద ఇస్త్రీకి అనుమతి ఉందని చూసుకుని, పైన పలచటి గుడ్డ పరిచి, తక్కువ వేడితో ఇస్త్రీ చేశాను: 45.

మూడో అడుగే అసలు మలుపు. నలిగి, మురికి పట్టి పడుకుండిపోయిన పూతను వేడి మళ్ళీ నిలబెడుతుంది. పైన కొట్టే స్ప్రే నా చేతిలో ఉన్నా వాడే అవసరం రాలేదు. ఉతికి వేడి చూపించాక కూడా చినుకులు పూసలు కట్టకపోతే అప్పుడు స్ప్రే. బట్టలు మెత్తబడడానికి వాడే ద్రవం మాత్రం ఈ జాకెట్ల దరిదాపుల్లోకి రానివ్వకూడదు.

ఇప్పుడు వస్తున్న జాకెట్లలో చాలావాటి పూతలో ఫ్లోరిన్ రసాయనాలు లేవు. పర్యావరణానికి మంచిదే, కానీ అవి నూనెను, జిడ్డును తట్టుకోలేవు. మెడ దగ్గర, మణికట్ల దగ్గర ముందు నానుతున్నది అందుకే. వాటిని ఇంకాస్త తరచుగా ఉతకాలి. "ఉతికితే పాడవుతుంది" అని అల్మరాలో దాచేవాళ్ళ జాకెట్లే ముందు పాడవుతాయి.

లేబుల్ మీద 10,000 మి.మీ., 20,000 మి.మీ. అని ఉండేది గుడ్డ ఎంత ఎత్తు నీటి స్తంభాన్ని ఆపగలదో చెప్పే అంకె. 70 కిలోల మనిషి మోకాళ్ళ మీద కూర్చుంటే, రెండు మోకాళ్ళ కింద కలిపి 200 చదరపు సెం.మీ. నేల ఉందనుకుందాం. చదరపు సెం.మీ.కి 0.35 కిలోలు. అది 3.5 మీటర్ల నీటి స్తంభంతో సమానం, అంటే 3,500 మి.మీ. వాన ఒక్కటే అంత ఒత్తిడి పెట్టదు. మోకాలు, పిరుదులు, బ్యాగు పట్టీ నొక్కే భుజం, ఇవే పెడతాయి. 1,500 మి.మీ. గుడ్డతో కుట్టిన ప్యాంటు నిలబడి ఉన్నంతసేపూ బాగుండి, తడి నేల మీద కూర్చోగానే లీకయ్యేది ఇందుకే.

రెయిన్ ప్యాంటుకు కూడా ఇదే స్నానం, ఇదే ఇస్త్రీ. 80 నుంచి 25.

ఇప్పటిదాకా: 1,240.

చెమట సంగతి ఉతుకుతో తీరదు. ఎక్కుడు మొదలవ్వకముందే లోపలి ఫ్లీస్ తీసేయడం, చంక కింద జిప్పులు తెరవడం, అడుగు నెమ్మది చేయడం, ఇవి జాకెట్ కన్నా ఎక్కువ పని చేస్తాయి. బయలుదేరిన మొదటి పది నిమిషాలు కాస్త చలిగా అనిపిస్తే బట్టలు సరిగ్గా వేసుకున్నట్టు.

దశ 4: టెంట్ పైపొర

ఇక్కడ కలిసొచ్చిన దానికి ఏ టెక్నాలజీ అక్కర్లేదు. విదిలించాక 340 ఉన్నది, 20 గ్రాముల స్పాంజి గుడ్డతో రెండు వైపులా తుడిచి పిండితే 150కి దిగింది. పొద్దున్నే టెంట్ మడిచే ముందు మూడు నిమిషాల పని.

ఇప్పటిదాకా: 1,050.

కుట్లు మాత్రం విసిగించాయి. పైకప్పు అతుకు దగ్గర చుక్కలు దిగుతుంటే సిలికాన్ పూశాను. ఆరాక గోరుతో గీకితే తొక్కలా ఊడొచ్చింది. కారణం పూత రకం. కుట్టు లోపలి వైపు పాలీయురెథేన్ పూత ఉంటే సిలికాన్ దాని మీద నిలవదు, దానికి యురెథేన్ రకం సీలరే (కుట్ల బెజ్జాలు మూసే జిగురే) కావాలి. రెండు వైపులా సిలికాన్ పూత ఉన్న గుడ్డ అయితే సిలికాన్ తప్ప మరేదీ అంటుకోదు. గుర్తు పట్టడానికి ఒక ఆధారం ఉంది: కుట్ల మీద ఫ్యాక్టరీ టేపు అంటించి ఉంటే ఆ వైపు పాలీయురెథేన్. అది లేకపోతే, ఓ మూల చిన్న చుక్క పూసి, ఒక రోజు ఆగి, గీకి చూసి తర్వాతే మొత్తం పూయాలి.

సిలికాన్ గుడ్డకైతే ట్యూబులో వచ్చే ముద్దను అలాగే పూయకుండా, కాస్త మినరల్ టర్పెంటైన్ కలిపి పలచన చేసి కుంచెతో పూస్తే బెజ్జాల్లోకి దిగుతుంది. కిటికీలు తెరిచి ఉన్న గదిలోనో ఆరుబయటో చేయాలి.

నైలాన్ పైపొర తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించి కట్టినది రాత్రికి వదులై లోపలి గుడ్డను తాకుతుంది, తాకినచోట లోపలికి తడి. పడుకునే ముందు ఒకసారి తాళ్ళు మళ్ళీ బిగించాలి. పాలియెస్టర్ ఇంత సాగదు.

దశ 5: బూట్లు

గంట వానలో 340 గ్రాములు తాగిన ఈ బూట్లు లోపల జలనిరోధక పొర ఉన్నవి. పొర లీకై కాదు, నీళ్ళు పై నుంచి, మేజోళ్ళు పీల్చి, లోపలికి దిగాయి. పాదాన్ని పొడిగా ఉంచే పొరే ఇప్పుడు లోపలి నీరు బయటికి పోకుండా ఆపుతుంది.

కాబట్టి ఇక్కడ కొలత మార్చాను. ఎంత తాగింది అన్నదాని కన్నా 12 గంటల తర్వాత ఎంత మిగిలింది అన్నది ముఖ్యం. గదిలో, ఫ్యాను లేకుండా:

పొర ఉన్న బూట్లు: 340 తాగి, పొద్దుటికి 210 మిగిలింది.
పొర లేని మెష్ బూట్లు (జత 640): 210 తాగి, పొద్దుటికి 50 మిగిలింది.

లోపల వార్తాపత్రిక ఉండలు పెట్టి, రెండు గంటలకోసారి మారిస్తే మొదటి జతలో 120కి దిగింది. మంట దగ్గర, హీటర్ ముందు మాత్రం పెట్టకూడదు. తోలు పగులుతుంది, అడుగు జిగురు వదులవుతుంది.

వానాకాలపు వెచ్చటి కొండలకు మెష్ జతనే ఖాయం చేశాను. మంచు, గడ్డకట్టే చలి ఉన్నచోట ఈ నిర్ణయం తలకిందులవుతుంది, అక్కడ పొర ఉన్నవే వేసుకోవాలి. పాదాల దగ్గర తగ్గిన ప్రతి గ్రాము వీపు మీద తగ్గిన గ్రాము కన్నా కొన్ని రెట్లు విలువైనది, ఎందుకంటే ఆ బరువును అడుగడుగునా ఎత్తి దించాలి.

తడి పాదంతో మెత్తబడిన చర్మం త్వరగా బొబ్బలెక్కుతుంది. జింక్ ఆక్సైడ్ టేపు తడి చర్మానికి అంటుకోదు కాబట్టి రాపిడి తగిలే చోట పొద్దున పొడిగా ఉన్నప్పుడే వేసుకోవాలి.

బూట్ల గురించి ఇంకో మాట. ఏళ్ళ తరబడి అటకెక్కించిన బూట్ల అడుగు, పెద్దగా వాడకపోయినా, నడుస్తుండగానే పొడిపొడిగా రాలిపోవచ్చు. మధ్య అడుగులోని పాలీయురెథేన్‌ను గాలిలోని తేమ నెమ్మదిగా విరగ్గొడుతుంది. పాతవి బయటికి తీసినప్పుడు బొటనవేలితో అడుగు పక్కన గట్టిగా నొక్కండి. పగుళ్ళు కనిపిస్తే కొండకు తీసుకెళ్ళకండి.

ఇప్పటిదాకా: 920.

టీషర్టు మార్చడం ఒక్క వాక్యం పని: కాటన్ బదులు పాలియెస్టర్, ముంచి పిండితే 190 బదులు 80.

ఇప్పటిదాకా: 810. మొదట తేలిన 1,650లో సగం లోపే. కొత్తగా చేరిన పొడి బరువు 105 గ్రాములు (పాలిథీన్ సంచి, స్పాంజి గుడ్డ), బూట్ల మార్పుతో తగ్గినది 540.

దశ 6: అస్సలు తడవకూడనివి

స్లీపింగ్ బ్యాగును తొట్టి కింద పెట్టలేదు. బాతు ఈకలది తడిస్తే ఉండలు కట్టి వెచ్చదనం పోతుంది, మళ్ళీ ఆరబెట్టడం పెద్ద పని. దానికి, రాత్రి వేసుకునే బట్టలకు, ఒక జత పొడి సాక్సుకు విడిగా మూతి చుట్టే డ్రై బ్యాగు, దాని పైన పాలిథీన్ సంచి.

డ్రై బ్యాగు పరీక్ష వాన కింద కాదు, బకెట్టులో:

1. ఖాళీ బ్యాగులో గాలి నింపి మూతి మూడు చుట్లు చుట్టి బిగించాలి.
2. నీళ్ళలో ముంచి నొక్కాలి.
3. బుడగ వచ్చిన చోట మార్కర్‌తో గుండ్రంగా గీయాలి.
4. ఆరాక లోపలి వైపు ప్యాచ్ టేపు వేసి మళ్ళీ ముంచాలి.

రెండు చుట్లతో ప్రతిసారీ మూతి నుంచే బుడగలు వచ్చాయి, మూడు చుట్లతో ఆగాయి. బ్యాగు మరీ నిండుగా కుక్కితే మూడో చుట్టుకు గుడ్డ చాలదు, అందుకే ఒక సైజు పెద్దది వాడాలి. నా పాత బ్యాగుల్లో ఒకదాని అడుగు మూల నుంచి సన్నటి బుడగల వరుస వచ్చింది. కంటితో ఎంత వెతికినా కనిపించని కన్నం అది.

హెడ్‌ల్యాంప్ మీద ఐపీఎక్స్4 (నీటిని ఎంత తట్టుకుంటుందో చెప్పే గుర్తు) అని ఉంటే అన్ని వైపుల నుంచి చిందే నీళ్ళను తట్టుకుంటుందని అర్థం. ఐపీఎక్స్7 అయితే మీటరు లోతులో 30 నిమిషాలు. వానకు మొదటిది చాలు, వాగులు దాటాల్సి వస్తే రెండోది. ఫోను ఎంత వాటర్‌ప్రూఫ్ అయినా స్క్రీన్ మీద చినుకులు పడితే వేలి స్పర్శను సరిగ్గా పట్టుకోదు, మ్యాప్ దానంతటదే జరిగిపోతుంది. కాగితం మ్యాపు, దిక్సూచి జిప్ కవర్‌లో ఉండాలి. విజిల్ బ్యాగులో కాదు, భుజం పట్టీకి. ఆపదలో నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరు. జవాబుగా నిమిషంలో మూడు వినిపిస్తాయి.

ఇంకా మిగిలిన పని

జాకెట్ జిప్పు అడుగున తడిసిన టిష్యూ సంగతి ఇంకా తేలలేదు. జిప్పు వెనక పలకను ఒక సెంటీమీటరు వెడల్పు చేసి కుట్టి చూడాలి. చేతి తొడుగులు తూకం వేశాను: ఫ్లీస్‌వి జత 60 గ్రాములు, ముంచి పిండితే 95. పైన వేసే జలనిరోధక తొడుగు వచ్చాక కొలుస్తాను. పక్క వాన కోసం నిలువు ఫ్యాను తొట్టికి ఎదురుగా పెట్టి చూశాను, చుక్కలన్నీ గోడ మీదికి పోయాయి. ఫ్యానును కనీస వేగంలో, రెండు మీటర్ల దూరంలో పెట్టి, గ్లాసును జాకెట్ వెనక్కి మార్చి మళ్ళీ కొలవాలి.